పుట్టింటి గడువు

“ఆ వాక్యం తీసెయ్, వాణీ.”

సూర్యారావు గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచితే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇలా నెమ్మదిగా అన్నప్పుడే భయం.

సత్యవాణి చేతిలోని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. మంగళవారం పార్లమెంటులో తన తీర్మానం చర్చకొస్తుంది. ఆ రోజు చేయబోయే ప్రసంగం అది. స్కూల్లో డిబేట్లకి వెళ్ళిన రోజుల నించీ ఏ ప్రసంగమైనా ముందు అన్నయ్యకి చదివి వినిపించడం ఆమెకి అలవాటు. బస్సుల వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరైన అన్నయ్యకి చట్టం గొడవ పట్టదు. బోరు కొట్టిన చోట ఆవులిస్తాడు, అంతే. ఆవులింత పడ్డ చోటల్లా ఆమె కత్తిరించేస్తుంది. యాభై నాలుగేళ్ళ లాయరమ్మ, పైగా ఎంపీ, ఇప్పటికీ అదే పద్ధతి.

ఇవాళ ఆయన ఆవులించలేదు. మొదటి పేజీలోనే ఆపేశాడు.

“తీసెయ్యడానికి లేదన్నయ్యా. రూల్ అది. మనవాళ్ళకి సంబంధించిన విషయం మాట్లాడేటప్పుడు ముందే ఇంటరెస్ట్ డిక్లేర్ చెయ్యాలి.”

“చుట్టాలున్నారని చెప్పు. అన్నయ్య అని ఎందుకు?”

“అన్నయ్యవి కాబట్టి.”

సూర్యారావు తల పైకెత్తాడు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. దాన్ని బాగుచెయ్యడం మానేసి ఏడాదైంది. డిసెంబరు ఆఖరికి వదిలేసి పోయే ఇంట్లో ఫ్యానుకి నూనె వెయ్యడం ఎందుకని.

పాయా లేబర్ మెట్రో స్టేషన్ దిగి కాస్త నడిస్తే వచ్చే సందులో ఉంది ఆ ఇళ్ళ వరస. అందులో ఒక ఇల్లు అరవై ఏళ్ళ లీజు మీద వాళ్ళ నాన్న కొన్నాడు. గడువు తీరగానే ఇల్లూ నేలా ప్రభుత్వానివి. చేతికి రాగి పైసా రాదు, వస్తుందని కాగితాల్లో ఎవరూ రాయనూ లేదు. కొంతమంది ముందే ఖాళీ చేసి టోవా పాయో పేటలోనో మరోచోటో ఫ్లాట్లు చూసుకున్నారు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు. సాయంత్రమైతే గేట్ల దగ్గర కుర్చీలు వేసుకుని, ఎవరెక్కడికి పోతామో అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటున్నారు.

ఏడాదిగా సత్యవాణి సభలో అదే అడుగుతోంది. ప్రశ్నలు వేసింది, బడ్జెట్ చర్చలో మాట్లాడింది. ‘గడువు సంగతి అందరికీ ముందే తెలుసు’ అనే జవాబు ఎంత మర్యాదగా చెప్పొచ్చో అన్ని రకాలుగానూ చెప్పించుకుంది. ఆమె నామినేటెడ్ ఎంపీ. వెనక పార్టీ లేదు, ఓట్లేసిన నియోజకవర్గం లేదు. ఉన్నదల్లా మొండితనం. అది మాత్రం కావలసినంత ఉంది.

“నలుగురిలో నా బతుకు చెప్పడానికి వీల్లేదు,” అన్నాడు సూర్యారావు. “చెప్పావా, ఇంక ఈ ఇంటికి రాకు.”

“డిసెంబరు తర్వాత రమ్మన్నా రావడానికి ఇల్లుండదు కదా.”

అనేసి నాలుక కరుచుకుంది. ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉన్నట్టుండి వయసు మీద పడినట్టు అయిపోయాడు.

పక్కగదిలో ల్యాప్‌టాప్ ముందున్న కీర్తిక లేచి గుమ్మంలోకి వచ్చింది. సూర్యారావు ఒక్కగానొక్క కూతురు. వచ్చే ఏడు పెళ్ళి.

“అత్తా, ఒకటి అడుగుతా. డోంట్ గెట్ యాంగ్రీ ఆ.”

“అడగవే.”

“గవర్నమెంట్ వాళ్ళు ఇక్కడ కొత్త ఫ్లాట్స్ కడతారంట కదా. నాకూ అభిరామ్‌కీ బ్యాలట్‌లో ఇంతవరకు ఒక్కసారీ ఫ్లాటుకి లాటరీ నంబర్ రాలేదు. నువ్వు స్పీచ్ ఇచ్చి ఇదంతా డిలే అయిందనుకో, వేర్ డు వుయ్ గో? మాకూ ఫెయిర్‌గా ఉండాలి లా.”

సత్యవాణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. పార్లమెంటులో మంత్రి అడగవలసిన ప్రశ్న సొంత మేనకోడలు అడిగింది.

“గడువు పెంచమని నేను అడగట్లేదే,” అంది సత్యవాణి. “నేల అందరిదీ. నీకూ వాటా ఉంది. తీసుకోమను, కట్టమను. కానీ నలభై యాభై ఏళ్ళు పక్కపక్కన బతికిన ముసలివాళ్ళని తలో మూలకీ విసిరెయ్యొద్దంటున్నా. దగ్గర్లో, ఒకే బ్లాకులో ఇళ్ళు చూపించి, అప్పుడు తాళాలు తీసుకోమంటున్నా.”

కీర్తిక ఆలోచించింది. “ఓకే. దట్ వన్ కెన్,” అని ఆమోదముద్ర వేసి మళ్ళీ లోపలికి పోయింది.

వంటింట్లో ఇకాన్ బిలిస్ చిట్టిచేపలు వేగుతున్న చప్పుడు ఆగింది. స్టవ్ కట్టేసి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ప్రభావతి వచ్చింది. అనకాపల్లి నించి సముద్రం దాటి ఈ దీవి దేశానికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఎండు చేపల పేర్లు మలయ్ భాషలోనూ, కూరల బేరం తమిళంలోనూ, మొగుణ్ణి దెబ్బలాడటం మాత్రం అనకాపల్లి తెలుగులోనూ జరుగుతాయి.

“చెప్తే ఏటి పోయిందండీ?” అంది. “ఎందుకలా దాక్కుంటారు?”

“ప్రభా, నువ్వు లోపలికెళ్ళు.”

“ఎల్లను.” సత్యవాణి వైపు తిరిగింది. “ఈ సందులో ఈయన్ని ఏమంటారో తెలుసా వాణీ? తెలివితక్కువోడంటారు. నా ఎదురుగానే నవ్వుతారు. ఇంకా ముప్ఫై ఏళ్ళకి దగ్గరగా గడువుండగా బంగారంలాంటి బేరం వచ్చింది ఈ ఇంటికి. పక్కింటాయన అమ్ముకుని దర్జాగా పోయాడు. మనం ఎందుకు అమ్మలేదో మీ అన్నయ్య నీకెప్పుడైనా చెప్పారా?”

“ప్రభా, ఇంక చాలు!”

“నువ్వు పురిటికి వచ్చున్నావు అప్పుడు. నందిత నీ కడుపులో ఉంది. మీ అమ్మ అప్పటికే లేదు. తొలిచూలుకి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లోపల పడుకునుంటే ఈ ఇల్లు బేరం పెట్టనన్నారు మీ అన్నయ్య. వచ్చినోణ్ణి వచ్చినట్టే పంపించేశారు. తర్వాత చూద్దారిలే అనుకుంటే ధరలు పడిపోయాయి. ఆ తర్వాత గడువు తక్కువని బ్యాంకులు అప్పివ్వలేదు. ఇంకెవడు కొంటాడు? అదీ సంగతి.”

సత్యవాణి అన్నయ్యని చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. అవుననలేదు, కాదనలేదు. చెప్పులు తొడుక్కుని ముందు వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళు ఆమె కూడా మనసులో ఒక మాట అనుకుంటూనే ఉంది. అన్నయ్య మంచివాడే కానీ ముందుచూపు లేదు అని. ఎంత చదివి ఏం లాభం, తన కాన్పు ఈ ఇంటి మీద ఎంత బరువు వేసిందో ఒక్కనాడూ లెక్కలోకి రాలేదు.

ప్రభావతి పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

“ఏడవకు. నీకు బాధ కలగాలని చెప్పలేదు. రిటైరయ్యాక ఈయన ఎవరితోనూ కలవట్లేదు. కోపీ తాగడానికి కూడా సందు చివరి కాఫీ కొట్టుకి వెళ్ళకుండా అవతల వీధికి పోతున్నారు. ఆయన గురించి ఒక్క మంచి మాట నలుగురి ముందూ వినబడాలని నాకుంది. నువ్వు చెప్తే నేను వచ్చి వింటాను. నన్ను రానిస్తారా అక్కడ?”

“ఐసీ గుర్తింపు కార్డు చూపిస్తే రానిస్తారు వదినా. ఫోను మాత్రం కింద లాకర్లో పెట్టెయ్యాలి.”

“దాంతో నాకేం పని.”

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అన్నయ్య ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

“ఎందుకు చెప్పలేదు నాకు?” అంది సత్యవాణి.

“చెప్పడానికేముంది?”

“నేను చెప్తాను. అందరూ వినేలా చెప్తాను.”

“వద్దమ్మా.” ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళి అప్పగింతలనాడు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. “నువ్వు కావలిస్తే అన్నయ్య అని చెప్పుకో. ఈ ఇంట్లో ఉన్నాడని చెప్పుకో. ఆ కాన్పు మాట మాత్రం వద్దు.”

“అంత సిగ్గేమిటి నీకు? చేసిన మంచి చెప్పుకోవడానికి కూడానా?”

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో ప్రభావతి వేపుడు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. “అన్నంలో కలుపుకో, మీ ఆయనకి కారం ఎక్కువైతే పెరుగు పొయ్యి,” అంటూ చేతికిచ్చింది. సూర్యారావు నోరు మూసుకున్నాడు.

మన సత్యవాణికి మనుషుల మౌనం చదవడం వచ్చని పేరు. కోర్టులో సాక్షుల ముఖాలు చూసి కేసులు గెలిచింది. సొంత అన్నయ్య మౌనం మాత్రం తనకి కావలసినట్టు చదువుకుంది. రాత్రే ప్రసంగం మార్చేసింది.

* * *

మంగళవారం సభ నిండుగా ఉంది.

పైన సందర్శకుల గ్యాలరీలో ప్రభావతి ముందు వరసలోనే కనిపించింది. నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది, పెళ్ళికి వచ్చినట్టు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పక్కన సీటు ఖాళీ. సూర్యారావు రాలేదు. ఇంట్లో టీవీలో చూస్తానన్నాడట.

సత్యవాణి లేచింది.

“మిస్టర్ స్పీకర్ సర్, మొదట నా ఇంటరెస్ట్ సభకి చెప్పుకోవాలి. నేను మాట్లాడబోయే ఇళ్ళలో ఒకటి మా అన్నయ్యది. ఆయన దాన్ని ఎప్పుడో అమ్ముకోవచ్చు. మంచి ధరకి కొనేవాళ్ళు వచ్చారు. అప్పుడు నేను ఆ ఇంట్లో నిండు గర్భిణిని. మా వాళ్ళలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ లేదు. చెల్లెలికి పుట్టిల్లు లేకుండా చెయ్యడం ఇష్టంలేక మా అన్నయ్య ఆ బేరం వదులుకున్నాడు. అంచేత సర్, ఈ విషయంలో ప్రయోజనం మా అన్నయ్యది అనుకుంటూ వచ్చాను. మొన్న ఆదివారమే తెలిసింది, అది పొందినదాన్ని నేనని.”

ఎదుటి వరసలో ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పైన ప్రభావతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అసలు మాటలోకి వచ్చింది సత్యవాణి. గడువు తీరాక ఇల్లు తిరిగి ఇచ్చెయ్యడం ఒప్పందమనీ, దానితో తనకి పేచీ లేదనీ చెప్పింది. ఆ నేల మీద తన మేనకోడలి వయసు పిల్లలకి ఇళ్ళు లేవాలని ఒప్పుకుంది. “కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేతులు ఇప్పుడు లేవు సర్. ఇవాళ తాళాలు ఇవ్వబోయే చేతులు వణుకుతున్నాయి. ఇంటి గడువు ఎప్పుడు తీరుతుందో కాగితం చెప్తుంది. ఆ ఇంట్లో మనిషి ఆ తర్వాత ఎవరిని పిలిస్తే పలుకుతారో చెప్పదు. అది మనం చూడాలి.” వరసలో మిగిలినవాళ్ళందరికీ దగ్గర్లో ఒకే బ్లాకులో ఇళ్ళివ్వమని అడిగింది. రేపు గడువు తీరబోయే ప్రతి ఇంటికీ అది పద్ధతి కావాలంది.

కూర్చునేసరికి బల్లలు చరిచారు. పార్టీల తేడా లేకుండా చరిచారు. ఇరవై నిమిషాలు టీ విరామం అని స్పీకర్ ప్రకటించాడు.

ఆమె వరండాలోకి వచ్చిందో లేదో ఫోను మోగింది.

“చూశావా అన్నయ్యా?”

“చూశాను.”

అటునించి కిర్రుకిర్రుమని ఫ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“వద్దన్నది చెప్పానని కోపమా?”

“వాణీ, నేను అమ్మేద్దామన్నానమ్మా.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

“బేరానికి ఒప్పుకున్నది నేను. కొనడానికి వచ్చినవాడితో వెళ్ళి కాగితాలు రాయించుకోవాలని చొక్కా తొడుక్కున్నాను కూడా. మీ వదిన గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. పురిటికి వచ్చిన పిల్ల లోపలుంటే ఇల్లు అమ్ముతారా అని. నేను తిట్టాను. చాలా పాడు మాటలన్నాను ఆ రోజు. అది లేవలేదు. వాడు చూసి చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.”

“మరి వదిన నీ పేరు ఎందుకు…”

“ఎవరన్నా నన్ను తెలివితక్కువోడంటే అలా చెప్పడం మొదలెట్టింది. మొదట్లో వద్దనేవాణ్ణి. వినగా వినగా నాకూ బాగానే అనిపించేది. ఊరుకున్నాను.” కుర్చీ జరుపుకున్న చప్పుడైంది. “అప్పటికింకా కీర్తిక పుట్టలేదు వాణీ. మీ వదినకి రెండు కడుపులు నిలవలేదు. రెండోది ఆ ఏడే పోయింది. ఆ దుఃఖం కడుపులో పెట్టుకుని నీకు పురుడు పోసింది. నందితని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. నువ్వు చూడకుండా వంటింట్లోకి పోయి ఏడ్చేది.”

సత్యవాణి గోడకి ఆనుకుంది. ఆ రోజుల్లో వదిన కళ్ళు ఎర్రగా ఉండేవి. సాంబ్రాణి పొగ అనుకుంది తను. అడగలేదు. వేడివేడి పథ్యం అన్నం ముద్దలు కలిపి పెడుతుంటే తినేసి నిద్రపోయింది.

“అన్నయ్యా, నేను సభలో అంతా చెప్పేశాను.”

“అందుకే ఫోను చేశాను. ఇంట్లో అబద్ధం వేరు. అక్కడ వేరు. నాకు ఆ పేరు వద్దమ్మా. నా పేరు తీసేసి దాని పేరు చెప్పు. ఇప్పుడే చెప్పు.”

“వదినని ఒక్కసారి అడిగి…”

గంట మోగింది. విరామం అయిపోయింది. వదిన ఎక్కడో పై అంతస్తులో ఉంది, ఆమె ఫోను కింద లాకర్లో ఉంది. సత్యవాణి వచ్చి తన చోట్లో కూర్చుంది.

మంత్రి లేచాడు. ఎప్పటిలాగే ఒప్పందాల గురించి, భూమి కొరత గురించి మొదలుపెట్టాడు. తర్వాత చేతిలో కాగితం పక్కన పెట్టాడు.

“గౌరవ సభ్యురాలి అన్నగారి సంగతి విన్నాక నేను రాసుకొచ్చిందంతా చదవాలని లేదు,” అన్నాడు. “అలాంటి మనుషులున్న వరసని విడగొట్టడం సరికాదు. అందరికీ ఒకేచోట ఇళ్ళు ఇవ్వగలమేమో చూడమని అధికారులకి చెప్తాను. ఈ శనివారం నేనే వెళ్ళి ఆ అన్నగారిని కలుస్తాను.”

మళ్ళీ బల్లలు మోగాయి. ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. ఎంత మొండిగా అడిగినా రాని మాట, ఒక అబద్ధం కాళ్ళ మీద నడిచి వచ్చింది.

దిద్దకపోతే ఎవరికీ తెలియదు. ముసలివాళ్ళకి ఇళ్ళు రావచ్చు. అన్నయ్య తలెత్తుకుని సందు చివర కోపీ తాగుతాడు. కానీ తప్పని తెలిశాక సభలో మాట దిద్దుకోకుండా కూర్చునే మనిషి, రేపు ఎవరికి న్యాయం అడుగుతుంది? దిద్దితే మంత్రి ముఖం ఎలా మారుతుందో తెలియదు. అన్నయ్య ఆ సందులో మళ్ళీ తెలివితక్కువవాడే, ఈసారి పురిటికొచ్చిన చెల్లెలు లోపలుండగా ఇల్లు అమ్మబోయినవాడు కూడా. అయినా చెప్పమంటున్నది ఆయనే.

“సభ్యులెవరికైనా వివరణ కావాలా?” అని స్పీకర్ అడిగాడు.

సత్యవాణి చెయ్యెత్తి లేచింది.

“సర్, నేను ఇందాక చెప్పిన దాంట్లో ఒక మాట సరిదిద్దుకోవాలి. మా అన్నయ్య గురించి.”

పైన కదలిక కనిపించి తలెత్తింది. ప్రభావతి సగం లేచి నిలబడింది. అంతవరకు నవ్వుతున్న ముఖం తెల్లబోయింది. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికిన మనిషికి ఆ ఇంగ్లీషు ముక్క అర్థమైంది. గ్యాలరీ కాపలా మనిషి కూర్చోమని సైగ చేస్తున్నాడు. ఆమె అతణ్ణి చూడలేదు. ఆడబిడ్డ కళ్ళలోకి చూస్తూ, వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. తల్లి తర్వాత తల్లి అయిన మనిషి, రెండు చేతులూ ఎత్తి సత్యవాణికి దణ్ణం పెట్టింది.

“చెప్పండి,” అన్నాడు స్పీకర్.